బిందెకు కుట్టిన షేర్వానీ

మా వదినకు ప్రయాణాలు పడవు. బస్సెక్కితే అఫ్జల్‌గంజ్ దాటకముందే కడుపులో తిప్పడం మొదలయ్యేది. రైలు నాంపల్లి ప్లాట్‌ఫారం మీద కదలకుండా నిలబడి ఉన్నా సరే, లోపల కూర్చుంటే చాలు, కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. టాంగా, రిక్షా, ఎడ్లబండి, అన్నిటిదీ అదే కథ. ఒక్క సైకిల్ మీద మాత్రం ఆమెకు ఏమీ అయ్యేది కాదు. "తొక్కుడుకే సరిపోతది పిల్లా, కడుపుల తిప్పేటందుకు తీరుబడి ఏడున్నది?" అనేది.

ఆమె మా ఆయనకు అక్క. మేమిద్దరం నాంపల్లిలో ఒకే ఆడపిల్లల బడిలో టీచర్లం. ఆమె డ్రాయింగు, నేను చిన్న తరగతులకు లెక్కలు. ఆమెకప్పుడు నలభై ఏళ్లు, నాకు ఇరవై మూడు. వదిన భర్త చాలా ఏళ్ల కిందటే పోయాడు. ఆయన సైకిలే ఆమె తొక్కేది. మధ్యలో కడ్డీ ఉన్న మగవాళ్ల సైకిల్. చీర కాసెపోసి కట్టుకుని, కాలు వెనక నుంచి తిప్పి ఎక్కి, గంట కొట్టుకుంటూ స్టేషన్ రోడ్డు మీద వస్తుంటే తరాజు పట్టుకున్న దుకాణందారు కూడా తూచడం ఆపి చూసేవాడు. నాది కడ్డీ లేని లేడీస్ సైకిల్. కోఠిలో కాలేజీ చదువుతున్నప్పుడు నేర్చుకున్నాను.

నిజాం రాజ్యం మీద పోలీసు చర్య జరిగి అప్పటికి నాలుగైదేళ్లు అయి ఉంటుంది. ఆ ఏడు ఎండలు ముదరకముందే సంగారెడ్డిలో వదిన ఆడబిడ్డ కూతురికి పెళ్లి కుదిరింది. పెళ్లికూతురికి మేనమామ అయిన వదిన భర్త లేడు కాబట్టి మేనమామ పెట్టవలసినవన్నీ అత్తగా మా వదినే తీసుకెళ్లి పెట్టాలి. నాలుగు పట్టుచీరలు, ఒక పెద్ద ఇత్తడి బిందె. పెళ్లిపీటల పక్కన మేనమామ బిందె కనబడకపోతే ఆ ఇంట్లో తాళి కట్టనివ్వరట.

"సామాను నేను బస్సుల తెస్త, మీరు ఉత్త చేతులతోని రాండ్రి" అన్నాడు మా ఆయన.

"పోయినేడు బస్సుల ట్రంకు పెట్టి, ఆ ట్రంకు మీదనే కూసొని, దిగేటప్పుడు ట్రంకు మరిచి దిగినోడు ఎవడురా?" అంది వదిన.

సంగారెడ్డికి సైకిల్ మీదే పోతాననీ, చీరలూ బిందే తనతోనే వస్తాయనీ వదిన తేల్చేసింది. ముప్పై అయిదు మైళ్ల పైమాట. ఒంటరిగా పంపడానికి ఇంట్లో ఎవరికీ మనసు ఒప్పలేదు. అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, చివరికి నా ముఖం చూశారు. వదిన కాక సైకిల్ వచ్చిన మనిషిని నేనొక్కదాన్నే. ఒప్పుకున్నానని అందరూ నన్ను మెచ్చుకున్నారు. నిజానికి నాకే పోవాలని ఉంది. ఖైరతాబాద్ దాటి నేనెప్పుడూ సైకిల్ తొక్కలేదు.

ముందుగా ట్రంకుపెట్టె ప్రయత్నించాం. బిందెనూ చీరలనూ పెట్టెలో పెట్టి క్యారియర్ మీద తాళ్లతో బిగించాం. అంతా బాగానే ఉంది కానీ, పెట్టె ఎత్తుకు వదిన కాలు వెనక నుంచి తిరగలేదు. మూడుసార్లు ప్రయత్నించి, మూడోసారి సైకిల్‌తో సహా గోడ మీద వాలింది. సైకిల్ రిపేరు చేసే ఆయన చూసి, "అమ్మా, చక్రానికి అటొకటి ఇటొకటి ఏలాడే సంచులుంటయి, దొరలు గవి ఏసుకొని ఊర్లు తిరుగుతరు. ఆబిడ్స్‌ల దొరుకుతయి" అన్నాడు.

ఆ సాయంత్రమే ఆబిడ్స్ వెళ్లాం. కొలత కోసం బిందె కూడా తీసుకెళ్లాం. వదిన దాన్ని చంకన పెట్టుకుని నడుస్తుంటే, నేను రెండు సైకిళ్లనూ చెరో చేత్తో నడిపిస్తూ వెనక వెళ్లాను. దారిలో ఇద్దరు ఆడవాళ్లు ఆపి, ఏ గల్లీలో నల్లా నీళ్లు వస్తున్నాయని అడిగారు.

అద్దాల కిటికీలున్న పెద్ద దుకాణం అది. కోటు తొడుక్కున్న సేల్స్‌మన్ మమ్మల్నీ బిందెనూ మార్చి మార్చి చూసి, లోపలి నుంచి ఒక జత సంచులు తెచ్చి బల్ల మీద పెట్టాడు. విలాయతీ సరుకు. గట్టి ఆకుపచ్చ కాన్వాసు, తోలు పట్టీలు, ఇత్తడి బకిల్స్. నేనైతే వాటిని చూడగానే మనసు పారేసుకున్నాను. వదిన మాత్రం పట్టీలు లాగి చూసి, లోపలికి మోచేతి దాకా చెయ్యి పెట్టి తడిమి, "బిందె ఎటు దూరుతది?" అని అడిగింది.

"మేడమ్, దీంట్ల మ్యాపులు పెట్టుకోవచ్చు. తువ్వాల, సబ్బు, బిస్కెట్ల డబ్బా..."

"పెండ్లికి బిస్కెట్లు పెడతరా నాయినా?"

వదిన బిందెను తలకిందులుగా పట్టుకుని సంచిలోకి దించింది. మెడ వరకు పోయి ఆగింది. నిలువుగా పెట్టింది, అడ్డంగా పెట్టింది. దుకాణంలో ఉన్న మిగతా వాళ్లంతా మా చుట్టూ చేరి సలహాలు చెప్పసాగారు. ఒక పెద్దమనిషి బిందెకు సొట్ట పెడితే పడుతుందన్నాడు. ఇంకొకాయన రెండు చెంబులు పెట్టుకోమన్నాడు. చివరికి సేల్స్‌మన్ తానే కోటు విప్పి, ఒక మోకాలు బల్లకు తన్ని పెట్టి, బిందెను లోపలికి నొక్కడం మొదలుపెట్టాడు. అప్పటికి అతనికి సంచి అమ్మాలన్న ఆలోచన పోయి పంతం పట్టుకుంది. కాసేపటికి యజమాని వచ్చి బిందెనూ మమ్మల్నీ మర్యాదగా బయటికి పంపాడు.

నాంపల్లికి తిరిగి వస్తుంటే మా గల్లీ మొదట్లో ఉన్న దర్జీ తన అరుగు మీద నుంచి పిలిచాడు. ఆయన షేర్వానీలు తప్ప ఇంకేమీ కుట్టని మనిషి. మేము మాస్టర్ సాబ్ అనేవాళ్లం. దర్బార్లూ నవాబుల దేవిడీలూ కళ తప్పిన తర్వాత షేర్వానీలు కుట్టించుకునేవాళ్లు తగ్గారు. కుట్టించుకుని తీసుకుపోనివాళ్లవి పది పన్నెండు ఆయన గోడకు వరుసగా వేలాడుతుండేవి. రోజూ వాటికి దుమ్ము దులిపేవాడు. ఆయన తెలుగు పావు వంతు ఉర్దూ, అయినా గల్లీలో అందరికీ అర్థమయ్యేది.

"సలాం టీచరమ్మా. నల్లా వస్తలేదా?"

"నీళ్లు గాదు మాస్టర్ సాబ్, సంచి దొరుకుతలేదు" అని వదిన జరిగిందంతా చెప్పింది.

ఆయన శ్రద్ధగా విని అడ్డంగా తల ఊపాడు. "సంచి అంటే ఏందమ్మా? బట్ట. బట్ట దేనికి? ఒంటికి. ఒళ్లు సూడకుంట కుట్టి దుకాన్ల ఏలాడదీస్తే ఎట్ల సరిపోతది? ముందుగాల ఒళ్లు సూపెట్టుండ్రి."

వదిన బిందెను ఆయన ముందు నిలబెట్టింది. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, టేపు తీసి, బిందెకు మెడ కొలిచాడు, భుజం కొలిచాడు, చుట్టుకొలత కొలిచాడు. ఒక్కో కొలతా చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. కాస్త వెనక్కి జరిగి తల పక్కకు వాల్చి చూసి, నాతో తగ్గు గొంతుతో, "పొట్ట జర ముందుకున్నది. ఫికర్ చెయ్యకుండ్రి, గిసుంటి పొట్టలు శానా కప్పిన" అన్నాడు.

తర్వాత వదిన సైకిల్‌ను కొలిచాడు. ఇరుసు నుంచి క్యారియర్ దాకా, మడమ తగలకుండా ఎంత దూరం వదలాలో అంతా చూశాడు. నేను నా సైకిల్ ముందుకు తోశాను. ఆయన దాన్ని చూసి చటుక్కున కళ్లు దించుకున్నాడు.

"గిది జనానా సైకిల్ గదా?"

"ఔ" అన్నాను.

"గట్లయితే నేను చెయ్యి పెట్ట. లోపటికి పంపుండ్రి."

నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు. దుకాణం వెనక పరదా, ఆ పరదా వెనక వాళ్ల ఇల్లు. ఆడవాళ్ల బట్టల కొలతలన్నీ లోపల ఆయన భార్య తీసి, గట్టిగా చెబితే, ఆయన ఇవతల రాసుకునేవాడు. సైకిల్‌కూ అదే పద్ధతి. నేను పరదా ఎత్తి సైకిల్‌ను లోపలికి నడిపించాను. యాభై ఏళ్ల సన్నని మనిషి ఆమె, మేము అక్క అన్నట్టుగా ఆపా అనేవాళ్లం. సైకిల్‌ను అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదట. ముందు గంట కొట్టి చూసింది, తర్వాత పెడలు చేత్తో తిప్పింది. అప్పుడు కొలతలు మొదలుపెట్టింది. క్యారియర్ పొడవు చెప్పింది, చక్రం చుట్టుకొలత చెప్పింది. ఇవతల ఆయన "హాఁ" "హాఁ" అంటూ రాస్తున్నాడు. సీటు వెడల్పు చెప్పబోతే మాత్రం గట్టిగా దగ్గాడు.

"గది నువ్వే యాదిల పెట్టుకో. నేను రాయ."

పది రోజులకు సంచులు తయారయ్యాయి. వదినవి రెండూ నల్ల షేర్వానీలే. గోడకు వేలాడుతున్న వాటిలో ఒక లావాటి జాగీర్దారుది విప్పి, లోపల మూడు పొరల కాన్వాసు వేసి కుట్టాడు. నిలబడే కాలరు, ముందు ఏడేసి గుండీలు, పక్కన చీలికలు. చక్రానికి కుడివైపు బిందె ఉన్న సంచి, నిండైన పొట్టతో హుందాగా ఉంది. ఎడమవైపు పట్టుచీరల సంచి బక్కగా ఉంది. దారిలో గుండీ ఊడితే తన ఇజ్జత్ పోతుందని, బిందె లోపల పెట్టాక ముందు భాగమంతా గట్టి దారంతో దగ్గర దగ్గరగా కుట్టేశాడు.

"గీ కుట్టు నేనే ఇప్పుత. ఇంకెవ్వరు బ్లేడు పెట్టినా బట్ట ఆగమైతది. మాటియ్యిండ్రి" అన్నాడు. వదిన మాటిచ్చింది. మాటిస్తే అక్షరం తప్పే మనిషి కాదు ఆమె.

నావి ఆపా కుట్టింది. నడుము దగ్గర కుచ్చెళ్లు పోసి, కింద అంచు వెడల్పుగా వదిలి, ఆడవాళ్లు తొడిగే గరారా పాయజామా కుట్టే పద్ధతే. పైన నాడా. లాగితే తెరుచుకుంటుంది, బిగిస్తే మూసుకుంటుంది. ఎంత పెట్టినా ఇంకా చోటు మిగిలేది. దారికి కట్టుకున్న రొట్టెలు, మామిడికాయ తొక్కు, మంచినీళ్ల సీసా, గాలి పంపు, వదిన బొమ్మల పుస్తకం అన్నీ నా సైకిల్‌కే వచ్చాయి.

బయలుదేరే రోజు పొద్దున్నే మాస్టర్ సాబ్ వదిన సైకిల్ హ్యాండిల్‌కు ఇమాం జామిన్ కట్టాడు. ప్రయాణం పోయేవాళ్లు క్షేమంగా ఉండాలని గుడ్డలో నాణెం చుట్టి చేతికి కట్టే రక్ష అది. నా సైకిల్‌కు పరదా పక్క నుంచి ఒక చెయ్యి బయటికొచ్చి కట్టింది. మేం పెడలు మీద కాలు పెట్టబోతుంటే ఆయన మొహమాటంగా ఇంకో మాట చెప్పాడు.

"దారిల ఏడనన్న ఆగితే, రెండు సైకిళ్లను ఒక్క గోడకు ఆనియ్యకుండ్రి. ఒకటి మర్దానా, ఒకటి జనానా. బాగుండది."

"గట్లనే" అంది వదిన.

లక్డీకాపూల్ దాకా సాఫీగా పోయాం. అక్కడ వెనక నుంచి ఈల వినబడింది. పోలీసాయన ఒకడు పరుగెత్తుకుంటూ వచ్చి వదిన సైకిల్ ముందు నిలబడ్డాడు. సైకిల్ మీద ఇద్దరు పోతేనే జుర్మానా వేసే రోజులవి.

"డబుల్ సవారియే మనా అంటే ముగ్గురు పోతున్నరా? దిగాలె, అందరు దిగాలె. గా లావాయన ముందుగాల దిగాలె!"

వదిన దిగి, సైకిల్ పట్టుకుని నిలబడింది. ఆయన బిందె సంచి వైపు తిరిగి, "మీకే చెప్తున్న సాబ్, ఆడమనిషి తొక్కుతుంటే వెనక కూసొనుడు షరం లేదా?" అన్నాడు. జవాబు రాకపోయేసరికి లాఠీతో పొట్టలో మెల్లగా పొడిచాడు. ఠంగుమంది. ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. మళ్లీ పొడిచాడు. మళ్లీ ఠంగుమంది. అటూ ఇటూ చూసి, టోపీ సర్దుకుని, "మాఫ్ చెయ్యాలె" అని బిందెకే చెప్పి వెళ్లిపోయాడు.

మూసాపేట దాటాక ఎదురుగాలి మొదలైంది. నా గరారా సంచులు గాలి పోసుకుని రెండు గుమ్మడికాయల్లా ఉబ్బాయి. ఎవరో వెనక పట్టుకుని లాగుతున్నట్టు ఎంత తొక్కినా సైకిల్ కదలదు. ఎదురొచ్చిన బండి ఎడ్లు బెదిరి పక్కకు దిగిపోయాయి. బండాయన తిట్టబోయి, మమ్మల్ని చూశాక ఏమని తిట్టాలో తోచక, నోరు తెరుచుకునే ఉండిపోయాడు. నేను దిగి నాడాలు బిగించాను. పటాన్‌చెరు చేరేసరికి నడినెత్తిన ఎండ. రోడ్డు పక్కన నీడ ఉన్నది ఒక్కటే గోడ. నేను నా సైకిల్ దానికి ఆనించి రొట్టెలు తీశాను. వదిన ఆనించలేదు. ఒక చేత్తో సైకిల్ పట్టుకుని, ఇంకో చేత్తో రొట్టె పట్టుకుని, ఎండలో నిలబడే తిన్నది.

"ఆయన ఈడికొచ్చి చూస్తడా వదినా?"

"చూడడు. గందుకనే మనమే చూసుకోవాలె" అంది.

పొద్దు వాలుతుండగా సంగారెడ్డి చేరాం. కాళ్లు నావి కానట్టున్నాయి. పట్టుచీరలు మాత్రం ఇస్త్రీ మడత చెడకుండా బయటికొచ్చాయి. చిక్కంతా మర్నాడు ముహూర్తానికి వచ్చింది. పంతులు మేనమామ బిందె తెమ్మన్నాడు. పెళ్లికూతురి నాన్న కత్తెర తెచ్చాడు. వదిన బిందెకు అడ్డం నిలబడింది.

"కుట్టు ఇప్పొద్దు. మాటిచ్చిన."

"అక్కా, లగ్గం టైమైతున్నది!"

"బిందె కావాల్నన్నరు, బిందె ఉన్నది. ఇప్పి ఉండాల్నని శాస్త్రంల ఏడున్నది? పంతులుగారిని చెప్పమనుండ్రి."

పంతులు పంచాంగం తిరగేశాడు. పెళ్లికూతురి ముసలి నాయనమ్మ బిందె దగ్గరికి వచ్చి, గుండీల మీద చెయ్యి పెట్టి నిమిరి, "మేనమామ లేడంటిరి. ఎవలో పెద్దమనిషి వచ్చి కూసున్నట్టే ఉన్నది గదనే, ఉండనియ్యిండ్రి" అంది. దాంతో పంతులు కాలరు కింద, గొంతు ఉండాల్సిన చోట బొట్టు పెట్టి మంత్రం అందుకున్నాడు. పెళ్లి అంతసేపూ షేర్వానీ తొడుక్కున్న బిందె పీటల పక్కనే కూర్చుని ఉంది. మగపెళ్లివారిలో ఒకాయన వచ్చి, దానికి ఎదురుగా కూర్చున్నాక అది మనిషి కాదని గ్రహించి, లేస్తే బాగుండదని అట్లాగే కూర్చున్నాడు. ఫొటోలో కూడా అది ముందు వరసలో పడింది.

పెళ్లయ్యాక బిందె మాతోనే నాంపల్లికి తిరిగి వచ్చింది. కుట్టు విప్పవలసినవాడు నాంపల్లిలో ఉన్నాడు మరి. తర్వాతి వారం మా ఆయన దాన్ని బస్సులో మళ్లీ సంగారెడ్డికి తీసుకెళ్లి ఇచ్చి వచ్చాడు. ఈసారి మరవలేదు. వదిన దాన్ని తాడుతో ఆయన నడుముకు కట్టి పంపింది.

మేం తిరిగొచ్చిన రోజే మాస్టర్ సాబ్ కుట్టు విప్పుతూ ప్రయాణం సంగతులన్నీ అడిగాడు. పోలీసాయన మాట చెబితే సూది ఆపేశాడు.

"లావాయన అన్నడా? నిజంగ?"

"సాబ్ అని గూడ అన్నడు" అన్నాను.

ఆయన ముఖం వెలిగిపోయింది. "మరి పక్కాయన సంగతి ఏమన్నడు?" అని అడిగాడు. ఎడమవైపు చీరల సంచిని పోలీసాయన ముగ్గురిలో లెక్కపెట్టాడు తప్ప ఇంకేమీ అనలేదని చెప్పాను. ఆయన ఆ సంచిని వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూశాడు. "భుజం పడిపోయింది. నూలంత తప్పు" అన్నాడు. ఆ సాయంత్రమంతా దాన్నే విప్పి కుడుతూ కూర్చున్నాడు.

పరదా వెనక ఆపాకు మాత్రం సంచుల మీద ధ్యాస లేదు. నన్ను లోపలికి పిలిచి, గాలి ఎట్లా తగిలింది, దిగుడులో కాళ్లు ఏం చేయాలి, కూకట్‌పల్లి ఎట్లా ఉంటుంది అని అడిగింది. చివరికి మెల్లగా, "నేను గూడ ఒక్కసారి కూసుందునా?" అంది. వాళ్ల వాకిలి మా తరగతి గదికి రెండింతలు ఉంటుంది, మధ్యలో జామచెట్టు. ఆ ఆదివారం నేను నా సైకిల్ సీటు పట్టుకుంటే, ఆమె ఎక్కింది. రెండుసార్లు పడింది. మోచెయ్యి గీరుకుపోయినా దిగనంది.

మూడో ఆదివారానికి జామచెట్టు చుట్టూ ఒంటరిగా తిరగసాగింది. వట్టిగా తిరిగితే ఏం బాగుంటుందని మా వదిన రంగు సుద్దలు తెచ్చి వాకిలి గోడల మీద వరుసగా బొమ్మలు వేసింది. ఒక మూల లక్డీకాపూల్, పక్కన ఖైరతాబాద్, బావి దగ్గర మూసాపేట, వంటింటి గోడ మీద పటాన్‌చెరు, చివర సంగారెడ్డి. నలభై చుట్లు తిరిగితే తర్వాతి ఊరు వచ్చినట్టని లెక్క నేను కట్టాను. ఆపా తాను కుట్టిన గరారా సంచుల్లో నిజంగానే ఒక జత బట్టలు, తమలపాకుల పాందాన్, నీళ్ల సీసా పెట్టుకుని బయలుదేరేది. ఎక్కడ ఆపితే వచ్చే ఆదివారం అక్కడి నుంచే మొదలు. "మియాపూర్ కాడ జర్ర జారింది" అని మాతో చెప్పేది, మేం చూస్తుండగానే జారినా సరే.

ఆ మధ్యాహ్నాలు దుకాణానికి ఆడవాళ్లెవరైనా కొలతలివ్వడానికి వస్తే మాస్టర్ సాబ్, "ఇంట్ల లేరమ్మా. పటాన్‌చెరు దాక పోయిన్రు, పొద్దుగూకినంక రాండ్రి" అని పంపేవాడు. పరదా వెనక గంట మోగుతూనే ఉండేది. వాళ్లు ఆ పరదా వైపు ఒకసారి చూసి, సరేనని వెళ్లిపోయేవాళ్లు.

వానలకు ముందు ఒక ఆదివారం ఆపా సంగారెడ్డి చేరింది. దిగి, సైకిల్‌ను గోడకు ఆనించి, చెమట తుడుచుకుంది. పరదా అవతల చప్పట్లు వినబడ్డాయి. లోపలికి రావచ్చా అని అడిగే పద్ధతి అది.

"ఖైరియత్‌గ చేరిన్రా?" అన్నాడు మాస్టర్ సాబ్.

"చేరిన. మస్తు ఆకలైతున్నది" అందామె.

ఆయన పళ్లెంలో అన్నం, పుల్లటి ఖట్టీ దాల్, మాంసం తినని వదినకూ నాకూ విడిగా చేయించిన ఆలుగడ్డ కూర పట్టుకుని లోపలికి వచ్చాడు. నలుగురం జామచెట్టు కింద కూర్చుని తిన్నాం.